దీపం ఆరకముందే లాగిన బోర్డు

మొన్న జగిత్యాలలో పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు ఒక పెద్ద సర్వరు డబ్బా మూత లేకుండా పడి ఉంటే, దాని అరల్లోని మెమరీ బోర్డులనూ, ఒక్కో బోర్డు నెత్తిన ఉన్న గింజంత దీపాన్నీ చూసి, ఎండలో అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ కూరగాయల సంచీతో నన్ను ఎంతసేపు పిలిచిందో తెలియదు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నాకు కోరుట్లలో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. గల్ఫుకు పోయినవాళ్లతో మాట్లాడడానికి వాళ్ల ఇళ్లవాళ్లు అక్కడికే వచ్చేవారు. మళ్లీ వినాలంటారని ఆ మాటలన్నీ రికార్డు చేసి దాచేవాణ్ణి. మా బావ హైదరాబాదు వేలంలో కొనిపెట్టిన అలాంటి సర్వరే నా దగ్గరా ఉండేది. దాని గొప్ప ఏమిటంటే, నడుస్తుండగానే మెమరీ తీయొచ్చు, పెట్టొచ్చు. బోర్డు మీది మీట నొక్కితే, యంత్రంలో పుట్టుకతోనే ఉండే ఫర్మ్‌వేర్ ఆ సంగతి కెర్నల్‌కు చెబుతుంది. యంత్రాన్నంతా నడిపే ఆ కెర్నల్, ఆ బోర్డులో ఉన్నవన్నీ పక్క బోర్డులోకి సర్ది, ఖాళీ అయిందని తేలాకే దీపం ఆర్పుతుంది. దీపం వెలుగుతుంటే చెయ్యి పెట్టొద్దని బావ మరీ మరీ చెప్పి పోయాడు.

ఆ రోజుల్లోనే మా చిన్నాయన గల్ఫులోనే చనిపోయాడు. ఆయన చివరిసారి నాతో మాట్లాడిన మాటలు మా సెంటరులో రికార్డయి ఉన్నాయని తెలిసి చిన్నమ్మ సిరిసిల్ల నుంచి వచ్చింది. ఆమె వచ్చాక సమ్మెకు బస్సులు బందై మా ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే వచ్చి ఆ నాలుగు మాటలూ విని, మళ్లీ వినేది. హార్డ్ డిస్కు పాడవుతుంటే, కొత్తది వచ్చే దారి లేక, నేను ఆ గొంతును మెమరీలోనే ఉంచాను, అంటే కరెంటు ఉన్నంతసేపే ఆ గొంతు. పెన్‌డ్రైవులో వేసుకుంటే అయిపోయేది, రేపు రేపు అని బద్ధకించాను. అందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఒక బందు రోజు మధ్యాహ్నం, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుండగా, ఒక బోర్డు తప్పులు చూపించడం మొదలుపెట్టింది. అలాగే వదిలేస్తే యంత్రమంతా కూలుతుంది. పెన్‌డ్రైవు కొందామంటే ఊరంతా షట్టర్లు దించి ఉంది. మీట నొక్కాను. బోర్డులోని భాగాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నట్టు తెర మీద పడుతూ వచ్చి, చివరి భాగం దగ్గర ఆగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అక్కడే. ఊరేగింపు డప్పులు దూరమై వీధి నిశ్శబ్దమైపోయింది, దీపం మాత్రం ఆరదు. లోపల ఎవరో తలుపు గడియ వేసుకుని కూర్చున్నట్టనిపించింది.

"ఆయన పోనంటుండు కొడుకా, గట్లనే ఉండనీ" అంది చిన్నమ్మ.

నేను నవ్వాను. గొంతు ఎప్పుడో పక్క బోర్డులోకి చేరింది, ఇరుక్కున్నది కెర్నల్ సొంత సామాను, అదెంత అని, నాకంతా తెలుసన్న మిడిసిపాటుతో దీపం వెలుగుతుండగానే బోర్డు లాగేశాను. తెర నల్లబడింది. ఏది ఎక్కడ ఉందో కెర్నల్ రాసుకునే చిట్టా ఆ చివరి భాగంలోనే ఉండిపోయిందని, దాన్ని కెర్నల్ కదిలించలేకపోయిందని అప్పుడు తట్టింది.

"గొంతు పోయిందా?" అని అడిగింది.

"లేదు చిన్నమ్మా, లోపల్నే ఉన్నది. గని ఏడున్నదో చెప్పెటోళ్లు లేరు."

"అయితే బంద్ జెయ్యకు."

నల్లబడ్డ తెరతోనే యంత్రాన్ని నడవనిచ్చాం. చిన్నమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. లోపలి ఫ్యాను గాలి ఊపిరిలా వెచ్చగా వస్తూనే ఉంది. ఎండ వాలేసరికి బ్యాటరీ అయిపోయి, ఫ్యాను నెమ్మదించి, ఆగింది. ఇనుము చల్లబడేదాకా ఆమె చెయ్యి తీయలేదు. తీశాక లేచి, కొంగుతో ఆ డబ్బా మీది దుమ్ము తుడిచింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అందరి ఫోన్ల నిండా గొంతులే, సగం వినకుండానే చెరిపేస్తున్నాం. గొంతు కోసం ఊరు దాటి వచ్చే మనుషులు లేరు. చిన్నమ్మ కూడా పోయి చాలా కాలమైంది. ఊళ్లో అందరి మాటలూ దాచిపెట్టిన నేను, ఆమె గొంతు ఎక్కడా దాచుకోలేదు.