అర్థం చెప్తేనే పచ్చబొట్టు

మా చేవెళ్ల గిద్యోనుకు ఒకటే పిచ్చి. అర్థం చెప్పలేనివాళ్లకు పచ్చబొట్టు పొడవడు. మొయినాబాద్‌లో నా జిరాక్స్ షాపు పక్కనే అతని దుకాణం. పాత పద్యాల్లోని పాదాలు తప్ప ఇంకేమీ పొడవడు. గులాబీ పువ్వు అడిగితే నర్సరీకి దారి చూపిస్తాడు.

గండిపేట కాలేజీ కుర్రాడు సాయి కిరణ్ ఒకరోజు ఫోన్ చూపించాడు.

"అన్నా, గీ లైన్ ఛాతీ మీద కావాలె."

"అర్థం చెప్పు తమ్మీ."

"ఏదో... లవ్ గురించి కద?"

"యుద్ధంల ఏనుగుల గురించి! పో, నేర్చుకొని రా."

వారం తర్వాత ఆ పిల్లాడు పద్యమంతా అప్పజెప్పి మరీ పొడిపించుకున్నాడు. గిద్యోను పుణ్యమా అని నా షాపు ముందు బెంచీ ఎప్పుడూ బడిలా మోగేది.

పోయిన ఎండాకాలం ఎంకపల్లి నుంచి బీరమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, టమాట తోటల్లో కూలికి పోతుంది. చిన్నప్పుడు ఊళ్లో నాటకాలు చూసి నేర్చిన పద్యాన్ని రాగం తీసి పాడింది. అర్థం గిద్యోను కన్నా బాగా చెప్పింది.

"ఇగ పొడువు సారూ."

"చదువొస్తదా అవ్వా?"

"రాదు."

"అయితే పొడవ. నేను తప్పు రాస్తే నీకెట్ల తెలుస్తది? రోజూ వచ్చి అక్షరాలు నేర్చుకో."

నాకు ఒళ్లు మండింది. "పెద్దమనిషిని గిట్ల తిప్పుతవా?" అన్నాను. గిద్యోను వెళ్లి పలక కొనుక్కొచ్చాడు.

రెండు నెలలు బీరమ్మ కూలి దిగి నేరుగా వచ్చి దిద్దింది. ఆఖరికి గిద్యోను పద్యపాదం కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆమె వేలు పెట్టి చదువుతూ ఆగింది.

"సారూ, గీడ ఒత్తు ఏది?"

"తప్పే అవ్వా!" అంటూ గిద్యోను లేచి దండం పెట్టి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. ఒత్తుతో సహా ముందే రాసి ఉంది!

పచ్చబొట్టు అయ్యాక బీరమ్మ ముంజేయి లోకమంతా చూడాలన్నట్టు పట్టుకుని బయటికి నడిచింది.

"కావాలనే తప్పు రాసినవు గద?" అన్నాను.

"జర మెల్లగ అన్నా! తప్పు దొరికినప్పుడు ఆమె ముఖం చూసినవా?"

అంతలో బయటి నుంచి కేక.

"సారూ! నీ బోర్డు మీద గూడ తప్పున్నది. 'పచ్చబోట్లు' అని రాసినవ్!"

ఆరేళ్లుగా ఆ బోర్డు కిందే కూర్చుంటున్న పండితులం ఇద్దరం పరుగెత్తి చూశాం. నిజమే.

గిద్యోను ఆ దీర్ఘాన్ని ఇప్పటికీ చెరపలేదు. వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా బీరమ్మవ్వ పట్టింది!" అని చెప్పుకుంటాడు.