పద్మక్క పక్కన ఖాళీ

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ఆపి, వెలుతురు ఎటునుంచి పడింది, నువ్వెంత దూరంలో ఉన్నావు అని ఆరా తీసి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లే రకం నేను. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అందుకే ఇది చెప్పుకోవాలంటే నాకే చిరాగ్గా ఉంది.

కరోనా రెండో ఏడాది చివర్లో, జర్మనీలోని మా తెలుగు సంఘానికి అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. నవ్వకండి. మాకు అది దేశాధ్యక్ష ఎన్నికల కంటే ఎక్కువ. వాట్సాప్ గ్రూపుల్లో రెండు వర్గాలు కొట్టుకు చస్తున్నాయి. రాజమండ్రి నుంచి వచ్చి బెర్లిన్‌లో స్థిరపడిన పద్మక్క పోటీకి దిగింది. ఊరూరా తిరిగి తెలుగువాళ్లని కలుస్తానంది. వెంట తిరిగి ఫొటోలు తీసే పని నాకు అప్పజెప్పింది. ప్రతి ఊళ్లో ఆఖర్న ఒక గ్రూప్ ఫొటో తీయాలి, అది ఆ సాయంత్రానికే అన్ని గ్రూపుల్లోనూ పడాలి.

నిజానికి ఆ పని ఖలీల్‌ది. సంఘం ఫొటోలన్నీ వాడే తీసేవాడు. నాది నల్లగొండ, వాడిది మిర్యాలగూడ. బెర్లిన్‌లో ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో నాలుగేళ్లున్నాం. ఆ ఏడాది మొదట్లో, మాకింకా టీకాలకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్కముందే, కరోనా వాణ్ణి తీసుకుపోయింది.

జనాజాకి, అంటే మట్టి చేసేటప్పుడు, పదిమందినే రానిస్తామన్నారు. పేర్లు ముందే రాసివ్వాలి. అందులో నా పేరుంది. ఆ పొద్దున తయారై, జాకెట్ వేసుకుని, బూట్ల లేసులు కూడా కట్టుకుని మంచం మీద కూర్చున్నాను. లేవలేకపోయాను. భయం. అంతకంటే వేరే కారణం లేదు. జ్వరంగా ఉందని మసీదు ఇమాం సాబ్‌కి మెసేజ్ పెట్టాను. సాయంత్రం మిర్యాలగూడ నుంచి ఖలీల్ తమ్ముడు ఫారూఖ్ ఫోన్ చేసి ఏడుస్తుంటే, "నేనున్న కదరా, నా చేత్తోనే మట్టి వేసి వచ్చిన" అన్నాను. ఆ అబద్ధం మింగుడుపడక అప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పద్మక్క అడగ్గానే ఒప్పుకున్నది కూడా అందుకే. రైళ్లలో తిరుగుతుంటే ఆలోచన ఉండదనుకున్నాను.

మొదట ఫ్రైబర్గ్ వెళ్లాం. గనుల చదువులు చదివే పిల్లలు ఇరవైమంది దాకా వచ్చారు. రెండు వరసల్లో నిలబెట్టాను. పద్మక్కకి కుడిపక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. "దగ్గరికి జరగండి, సందు వదలొద్దు" అని అరిచాను. జరిగారు. కెమెరాకి కన్ను ఆనించేసరికి మళ్లీ ఖాళీ. మూడుసార్లు జరిపాను, మూడుసార్లూ అంతే. దూరం దూరంగా నిలబడటం అలవాటైపోయింది పాపం అనుకున్నాను.

తర్వాత వెళ్లిన రెండు ఊళ్లలోనూ అదే తంతు. మిగతా అందరూ భుజాలు ఒరుసుకుని నిలబడేవాళ్లు. ఖాళీ మాత్రం అదే చోట. ఎదుటి వర్గం ఆ ఫొటోల కింద పగలబడి నవ్వే బొమ్మలు పెట్టింది.

పద్మక్కకి ఒళ్లు మండిపోయింది. "ఏంటి సలీం ఇది! నా పక్కన నిలబడితే కరోనా అంటుకుపోద్దా ఏంటి? ఈసారి ఎవరో ఒకర్ని నిలబెట్టు బాబూ, నీకు దణ్ణం పెడతాను."

పాడర్‌బోర్న్‌లో అదే చేశాను. కంప్యూటర్ సైన్స్ చదివే విశాఖపట్నం కుర్రాణ్ణి భుజం పట్టుకుని తీసుకెళ్లి పద్మక్క పక్కన నిలబెట్టాను. వెనక్కొచ్చి చూస్తే పక్కకి తప్పుకుని ఉన్నాడు. నాకు తిక్క రేగింది. అందరి ముందూ తిట్టాను.

వాడి మొహం ఎర్రబడింది. "చోటు ఉంచమన్నది మీరే కదండీ? మళ్లీ మీరే తిడతారేంటి!"

నేనెప్పుడన్నానని అడిగాను.

"ఇప్పుడే, కెమెరా దగ్గర్నుంచి. హిందీలో అన్నారు కదా, మేరేకు జగా రక్ఖో అని." పక్కనున్న ఇద్దరు అమ్మాయిలు కూడా అవునన్నారు.

నాకు చోటు ఉంచండి అని అర్థం. అది ఖలీల్ మాట. వాడు కెమెరాని స్టాండ్ మీద పెట్టి, టైమర్ నొక్కి, ఆ కేక వేసి, పది సెకన్లలో పరిగెత్తుకొచ్చి పెద్దవాళ్ల పక్కన దూరిపోయేవాడు. నేను టైమర్ వాడను. ఫొటోలో పడటం నాకిష్టం ఉండదు. ఆ పిల్లలు జర్మనీకి వచ్చి రెండు నెలలైంది. ఖలీల్‌ని చూసే అవకాశమే లేదు.

పద్మక్క మనిషి ఒకామె అదంతా ఫోన్‌లో వీడియో తీసింది. తిరుగు రైల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందులో నా గొంతు, "దగ్గరికి జరగండి" అన్న మాటే వినిపిస్తుంది. ఇంకో మాట లేదు. కానీ అది విన్న మరుక్షణం ఆ కుర్రాడూ, పక్కవాళ్లూ ఒకేసారి అడుగు పక్కకి వేస్తారు.

సీట్లో కూర్చోలేక పెట్టె ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతుంటే పద్మక్క పిలిచి ఏమైందంది. జనాజా సంగతి మొత్తం చెప్పేశాను. కళ్లనీళ్లు ఆగలేదు, మాస్కు తడిసిపోయింది. "నాతో చెప్పి ఏం లాభం తమ్ముడూ? ఆ పిల్లాడికి చెప్పు" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఫారూఖ్‌కి ఫోన్ చేశాను. నేను జనాజాకి పోలేదురా, భయపడి ఇంట్లోనే కూర్చున్నా, నీకు అబద్ధం చెప్పిన అన్నాను. తిడతాడని గుండె గట్టి చేసుకున్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్ సలీం భాయ్? నువ్వు లేకపోవుడేంది? నా దగ్గర ఫొటో ఉంది" అన్నాడు.

పంపించాడు. సమాధుల తోటలో పనిచేసే జర్మన్ ఒకాయన ఇమాం సాబ్ ఫోన్‌తో తీసిన ఫొటో అట. పగటి వెలుతురే, పొగమంచు లేదు. దూరం దూరంగా వరసలో మనుషులు. లెక్కపెట్టాను. పదిమంది. చివరి మనిషి నల్ల మాస్కులో ఉన్నాడు. నాలాగే కుడికాలి మీద బరువేసి నిలబడ్డాడు. ఒంటి మీద నా బూడిద రంగు జాకెట్, మోచేతి దగ్గర నేను కుట్టుకున్న కుట్టుతో సహా. ఆ పొద్దున మంచం మీద కూర్చున్నప్పుడు ఆ జాకెట్ నా ఒంటిమీదే ఉంది.

ఇమాం సాబ్‌ని అడిగాను. తొమ్మిదిమందే వచ్చారు, లిస్టులో సంతకాలు కూడా తొమ్మిదే అన్నారు. ఫొటో చూపిస్తే వేలితో రెండుసార్లు లెక్కపెట్టి ఫోన్ నా చేతికిచ్చేశారు.

బెర్లిన్‌లో జరిగిన ఆఖరి మీటింగ్‌లో గ్రూప్ ఫొటో మొదటిసారికే కుదిరింది. పద్మక్క పక్కన ఖాళీ లేదు. ఆమె గెలిచింది కూడా.

ఫారూఖ్‌కి తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పి చూశాను. వినడు. దుఃఖంలో నాకు మతి చలించిందనుకుంటున్నాడు. అమ్మీ దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు భాయ్ అని బతిమాలాడు. ఆ ఫొటోని ఫ్రేము కట్టించి వాళ్లింట్లో పెట్టుకున్నారట. అమ్మీ రోజూ ఆ చివరి మనిషి మీద చెయ్యి పెట్టి, తన బిడ్డని ఒంటరిగా పంపకుండా తోడు వెళ్లాడని నా పేరు చెప్పి దువా చేస్తుందట. ఆ దువా ఎవరికి చేరుతుందో నాకు తెలియదు. ఆ రోజు నేనక్కడ లేను.