పురుగుల షెడ్డులోకి మళ్లీ

గుడుపల్లె దగ్గర మా పురుగుల షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు ఆకు వేయకూడదు, తాకకూడదు. రోజు గడిస్తే దానంతటదే లేచి మేతకు ఎగబడుతుంది.

పోయిన ఏడాది అరవై దాటిన నేనూ అలాగే కూర్చుండిపోయాను. అన్నం సయించేది కాదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేదాన్ని. షెడ్డు మాటెత్తితేనే కాళ్లు బరువెక్కేవి. మా ఆయన పురుగుల మధ్యే బతికిన మనిషి, ఆ వైద్యమే నాకూ చేశాడు.

"కదిలించొద్దమ్మా. దానంతట అదే లేస్తాది," అని కోడలితో చెప్పేవాడు.

నెలలు గడిచాక కోడలికి ఒళ్లు మండింది.

"పురుగు ఒగ దినంలో లేయకుంటే జబ్బు పట్టినట్టని నువ్వే సెప్తావు కదా మామా. అత్తకు ఆస్పత్రి యాల వద్దంటాండావు?"

ఆయన వెంటనే ఆటో పిలిచాడు.

కుప్పంలో డాక్టరమ్మ స్కాన్ తీయించి, మెదడు కాస్త కుంచించుకుపోయిందని చెప్పింది. మతి పోయినట్టే, ఇక షెడ్డు నాది కాదనుకున్నాను.

"వయసుతో అందరికీ కొంత తగ్గుతుందమ్మా. దిగులు పట్టినవాళ్లలోనూ కొందరికి ఇలా కనిపిస్తుంది. మీ మతిమరుపు చాలావరకు దిగులు వల్లే అనిపిస్తోంది. దిగులుకు మందుంది. పనిలోకి కూడా వెళ్లండి," అంది.

మాత్రలు వేసుకుంటూ, కోడలి చేయి పట్టుకుని మల్బరీ తోట దాకా నడిచాను. మొదట్లో దారంతా ఏడుపే. వానలు మొదలయ్యేసరికి పాలు పొంగకముందే దించుతున్నాను.

ఈసారి పంటకు పురుగులు పండాయి. ఒళ్లు తేటపడిన పురుగును ఏరి, గూళ్లు కట్టుకునే వెదురు తట్టల మీద వేయాలి. పచ్చిది వేస్తే గూడు కట్టదు, ఆలస్యమైతే పట్టంతా ఆకుల పాలు. మా ఇంట్లో ఆ చూపు మొదటి నుంచీ నాదే.

మా ఆయన షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "కూసో, అలిసిపోతావు."

"కూసున్నది సాల్లే. పక్కకు జరుగు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొద్దువాలే దాకా ఏరాను. నడుం నొప్పెట్టింది, అయినా ఏడాదిగా ఎరగని సంతోషం. మెదడు ఎంత తగ్గిందో ఆ స్కానుకే తెలియాలి. పండిన పురుగు ఒక్కటీ నా చేయి దాటిపోలేదు.