కరీమున్నీసా అలుపు

మదీనాలో హరానికి, అంటే ప్రవక్త మసీదుకు, దగ్గరగా ఉన్న ఒక హోటల్లో కరీమున్నీసా గదులు శుభ్రం చేస్తుంది. సొంతూరు రాయచోటి. వయసు పాస్‌పోర్టు ఒకటి చెబుతుంది, మోకాళ్ళు ఇంకోటి చెబుతాయి. నిరుడు న్యుమోనియా వచ్చి మూడు వారాలు ఆసుపత్రిలో పడుకుంది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. రక్తం, ఎక్స్‌రే, గుండె అన్నీ బాగున్నాయన్నారు. ఆమె మాత్రం బాగాలేదు. దుప్పటి మార్చాలని అనుకోగానే, ఇంకా మంచం దగ్గరకు పోకముందే చేతులు బరువెక్కేవి.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ముబష్షిరాది కరీంనగర్. ఇద్దరికీ ఉర్దూ వచ్చు గాని, ఒంటి బాధ చెప్పుకోవడానికి తెలుగే సుఖంగా ఉండేది.

"జబ్బు పోయిందక్కా. కానీ 'నేను అలిసిపోయిన మనిషిని' అని నీ మనసు లోపల పట్టుకున్నది, నీకు తెల్వకుండనే. గీ యాప్ దాన్ని వదిలిపిస్తది," అంది ముబష్షిరా.

"మనసుకు గూడా ఫోన్ చెయ్యాల్నా ఇప్పుడు?" అంది కరీమున్నీసా.

పని సులువే. తెర మీద ఒక మాట వస్తుంది. నీరసం మాటైతే వేలితో 'ఇతరులు' వైపు నెట్టాలి. హుషారు మాటైతే 'నేను' వైపు లాక్కోవాలి. ఆలోచించకుండా, గబగబా, రోజుకు పది నిమిషాలు. మొదటి వారం బుద్ధిగా నెట్టింది, లాగింది. ఏమీ కాలేదు. 'అలసట', 'ఉత్తేజం' అంటే ఆమెకేం కదులుతుంది? ఆరో తరగతి వాచకంలోనే వదిలేసి వచ్చిన మాటలవి.

"నీ మాటలు నువ్వే పెట్టుకోవచ్చు," అంది ముబష్షిరా.

కూర్చుని రాసుకుంది. ఒక పక్క 'సేతగాదు', 'సొమ్మసిల్లు', 'నాతో కాదు'. ఇంకో పక్క 'సత్తువ', 'బిరబిరా', 'నాకేమి'. నీరసం జాబితా చివర 'ఫారూఖ్' అని చేర్చింది. ఫారూఖ్ ఆమె సూపర్‌వైజరు, అతనూ తెలుగువాడే.

"మనుషుల పేర్లు పెట్టొద్దక్కా."

"నన్ను అలిపించే మాటలు పెట్టమని మీరే గదా చెప్పినారు."

నెలన్నర గడిచింది. ఒకరోజు ఫారూఖ్ కారిడార్లో పిలిచాడు. ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి, గాలిలో అతణ్ణి పక్కకు నెట్టింది.

"ఏందది?"

"దోమ," అంది.

ఆ సాయంత్రం పదకొండు గదులూ పూర్తిచేసి తోపుడుబండి లోపల పెడుతుంటే, పొద్దుటి నుంచీ తన అలుపును తాను తలుచుకోనేలేదని గుర్తొచ్చింది. భయం వేసి అక్కడే నిలబడి ఒళ్ళంతా వెతుక్కుంది. నడుములో కొంచెం దొరికింది.

సంగతి ఫారూఖ్ చెవిన పడింది. మర్నాడే ఆడవాళ్ళందరినీ నిలబెట్టి, అందరూ ఆ యాప్ వేసుకోవాలనీ, కరీమున్నీసా ఇకమీద పదహారు గదులు చేస్తుందనీ చెప్పాడు.

"సార్, అది లేని అలుపును తీస్తాది. పదహారు గదులు చేస్తే వచ్చేది ఉండే అలుపు. దానికి యాప్ లేదు, ఇంకో మనిషిని పెట్టాల."

"మాటలు మంచిగ నేర్చినవ్."

"రోజూ పది నిమిషాలు నేర్చుకుంటాండా గదా."

పక్కవాళ్ళు తువ్వాళ్ళలో మొహాలు దాచుకుని నవ్వారు. ఫారూఖ్ మోగని ఫోన్ చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు. బేరం చివరికి పన్నెండు గదుల దగ్గర తెగింది.

సెలవు వచ్చిన రోజు, మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు కాగానే, హరం నుంచి ఖుబా మసీదుకు కాలినడకన బయల్దేరింది. మూడు కిలోమీటర్ల పైనే. జబ్బుపడ్డాక ఆ దారి ఎప్పుడూ నడవలేదు. మధ్యలో మూడుసార్లు కూర్చుంది, ఒకసారి ఐస్‌క్రీమ్ కోసం, రెండుసార్లు నిజంగానే. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ కాకముందే చేరి, నీడలో చతికిలబడి ముబష్షిరాకు వాయిస్ మెసేజ్ పెట్టింది.

"డాక్టరమ్మా, కాళ్ళు పీకుతాండాయి. అయితే ఒగ మాట. ఇంతకుముందు యాడికి పోయినా అలుపు నాకంటే ముందొచ్చి కూసోని ఉండేది. ఈపొద్దు నేను నడిసినాంకనే వచ్చింది."

తిరుగుదారిలో బస్సెక్కింది.