మాబున్ని పగలని పప్పు

మాబున్ని తన ముక్కు పందెం కాయని రోజు మా వీధిలో లేదు. "నా ఉండలో పగిలిన పప్పు ఒక్కటి చూపించక్కా, ముక్కు కోసి నీ చేతిలో పెడతా!" అనేది. ప్రొద్దుటూరు బస్టాండులో, జమ్మలమడుగు బస్సులు ఆగేచోట ఆమె అమ్మే వేరుశెనగ ఉండలు అలాంటివే మరి. ఎర్రటి పొట్టు చెదరకుండా, గింజ గింజా గుండుగా, బెల్లం పాకంలో మెరుస్తుండేవి. కువైట్‌లో నాలుగేళ్లు ఒకరింట్లో పిస్తాలూ బాదాములూ ఒలిచి ఒలిచి, తిరిగొచ్చాక మన కాయలే ఒలుద్దామని మొదలుపెట్టిన బండి అది. ఇరవై ఏళ్లుగా ఆమె ఇల్లు దానిమీదే నడిచింది.

పోయిన వానాకాలం ఆహార భద్రత అధికారి అనురాధ వచ్చి ఆ ఉండలను నమూనాకు తీసుకుపోయింది. కొన్నాళ్లకు కాగితం వచ్చింది. పప్పులో బూజు విషం ఉండదగిన హద్దు దాటిందట. సరిచేసి, మళ్లీ నమూనా నెగ్గేదాకా అమ్మకూడదట. మాబున్ని మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. నాకేమో లోపల ఒకటే దురద, విషం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలని. కాగితం అడుగున నంబరుంటే నేనే ఫోన్ చేసి ఆ అధికారి పిల్లను మాబున్ని ఇంటికి పిలిపించాను.

అనురాధ వచ్చి కూర్చోగానే మాబున్ని విరుచుకుపడింది.

"ఏంది మేడం, బూజు పట్టినవి నేను పెడతానా? ఒక్కోటి కండ్లతో చూసి ఏరతా. పైగా ఇసకలో ఏయిస్తా. అంత సెగకు ఏది బతుకుతాది?"

"బూజు చస్తాదమ్మా. అది వదిలిపెట్టిన విషం వేయించినా పూర్తిగా పోదు. కంటికి కనపడదు, వాసనా రాదు. ఏండ్ల తరబడి తింటే కాలేయం చెడిపోతాది."

"అయితే శెనక్కాయలు తినేది మానాల్నా?" అని నేను అడ్డుపడ్డాను.

"ఎందుకవ్వా మానేది? శానా బలం. ఈమె పొట్టుతో పెట్టడం ఇంకా మంచిది. కాయ కొన్నప్పటినుంచి ఏం చేస్తాదో వరసగా చూపించమను."

మాబున్ని లేచింది. వేంపల్లెలో కొన్న కాయల మూట విప్పి, ఒక చెంబు నీళ్లు చిలకరించి, పైన గోనెపట్టా కప్పింది. "ఒక దినం ఇట్లుంచితే తొక్క మెత్తబడతాది, ఒలిస్తే పప్పు పగలదు. మా అమ్మ నేర్పిన పని" అంది గొప్పగా.

అనురాధ తల పట్టుకుంది. "బూజుకు నువ్వే దుప్పటి కప్పి పండబెడతాండావు కదమ్మా!"

నాకు నవ్వాగలేదు. మాబున్ని నవ్వలేదు. తడపకపోతే పప్పు పగులుతుంది. పగిలితే ఇరవై ఏళ్ల మాట పోతుంది. అయినా ఆ గోనెపట్టాను లాగి అవతల పారేసింది.

ఆ తర్వాత చెవి దగ్గర ఊపితే గలగలమనే ఎండు కాయలే కొనింది. నీటిచుక్క తగలకుండా నేనూ కూర్చుని ఒలిచాను. మూడు పప్పుల్లో ఒకటి పగిలింది. పగిలినప్పుడల్లా "యా అల్లా!" అని ఆమె, "ముక్కు జాగ్రత్త!" అని నేను. తీరా పాకంలో వేస్తే, పగిలిన పప్పు సందుల్లోకి బెల్లం దిగి ఉండ గట్టిగా కట్టింది. రెండో నమూనా నెగ్గింది.

బండి మళ్లీ పెట్టిన రోజు మొదటి ఉండ నేనే కొని కొరికాను. నాలుక మీద అర పప్పు. తీసి చూపించి, "మాబున్నీ, కత్తి తెచ్చుకుందునా?" అన్నాను.

"ఇంకోటి తినుపో అక్కా" అంటూ బాణలి మీదికి వంగింది. "ముక్కుంటేనే గదా పాకం ముదిరింది తెలిసేది!"