ఒక సైజు పెద్దది

పైలట్ పెట్టెలో బట్టలుండగా చూసినవాళ్లు లేరు. ఏ ఊరికి విమానం నడిపినా, సొంతంగా కట్టుకుంటున్న బుల్లి విమానానికి ఏదో ఒక భాగం మోసుకొచ్చేవాడు. ఓసారి చక్రం, ఓసారి పెడలు, మరోసారి ఏకంగా తోక.

"కెప్టెన్ గారూ, మీ తోక నా మోకాలికి గుచ్చుకుంటోందండీ!" అని కో-పైలట్ మొత్తుకుంటే, "పసిది నాయనా, కాస్త ఓర్చుకో" అనేవాడు.

ఆ సామానంతా దిగేది మేస్త్రీ షెడ్డులో. పల్లెటూరి బడిలో నాలుగు అక్షరాలు నేర్చి, విమానాల మరమ్మతుల్లో తల నెరిసిన మనిషి. "పక్షి దూరిన ఇంజన్నీ తిప్పాను, పిడుగు పడ్డ ఇంజన్నీ తిప్పాను" అని గోడలకైనా చెప్పుకునేవాడు. భార్య పోయాక వినడానికి గోడలే మిగిలాయి. ఇప్పుడు చూపూ పోతోంది. రాబోయే చలికాలం దాటితే అంతా మసకేనని డాక్టరు తేల్చేశాడు. ఈలోగా తన చేత్తో బిగించిన విమానం ఎగురుతుంటే ఒక్కసారి చూడాలి. అంతకుమించి ఆశ లేదని పైలట్‌తో అన్నాడు.

ఆ తర్వాత పైలట్ తెచ్చినవన్నీ ఒక సైజు పెద్దవే.

"ఒక్కడెక్కే విమానానికి ఇంత లావు ఇరుసెందుకురా?"

"తెచ్చేశాగా బాబాయ్, సర్దుదాం."

"రెక్కలు విప్పి పొడుగు చేయాలా? నా చేత ఒకే పని ఎవడూ రెండుసార్లు చేయించలేదు, తెలుసా?"

"ఆ అదృష్టం నాకు దక్కింది."

రేకుల మీద వాన తెరిపివ్వలేదు. మేస్త్రీకి ముందు బోల్టులు కనబడటం మానేశాయి, తర్వాత స్పానర్లు. ఒక సాయంత్రం చేతిలోది నేలకేసి కొట్టాడు.

"నువ్వెగురుతుంటే కింద నిలబడి చప్పుడు వినాలి, అంతేగా? నన్ను చూడనివ్వలేదురా నువ్వు."

పైలట్ ఆ రోజు తెచ్చిన మూట విప్పి విమానంలో ఏదో అమర్చాడు. మేస్త్రీని చెయ్యిపట్టి ఎక్కించాడు. ముసలి వేళ్లు తడుముకున్నాయి. మెత్తటి సీటు, బెల్టు, మోకాళ్ల మధ్య నడిపే కర్ర. ముందు మరో సీటు వీపు.

"వెనక ఖాళీ సామాను కోసమన్నావు కదరా!"

"సామానే. కాస్త ఎక్కువ వాగే సామాను."

మేస్త్రీ ముందు సీటు వీపును మళ్లీ తడిమి చూశాడు.

"కింద నుంచి నీకు కనబడదు కదా బాబాయ్. అందుకే పెద్దది చేశాను."

చలికాలం చివర్లో, మేస్త్రీకి పగలో రాత్రో మాత్రమే తెలుస్తున్న రోజుల్లో, విమానం లేచింది. మొహానికి చల్లటి గాలి కొట్టింది. కాసేపటికే వెనక సీటు అరిచింది.

"ఎడమకి ఒరుగుతోందిరా! ఎవడు నేర్పాడు నీకు?"

"నా చేతులు ఒళ్లో ఉన్నాయి బాబాయ్. నడుపుతున్నది నువ్వే."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. కర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే తప్పు గాలిది."