ఎమ్మిగనూరులో కాశ్మీరు కుక్కబండి

ఆ రోజుల్లో దూరం పోయొచ్చినవాడి మాటకు ఎదురు లేదు. ఆదోనిలో మా వీధి మొత్తానికి బొంబాయి చూసినవాళ్లు ముగ్గురో నలుగురో. అంతకు పైన ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ దేశమంతా నా సొంత చేను. ఏం విత్తితే అది మొలిచేది. ఇప్పటి పిల్లలు ఫోను తీసి రెండు నొక్కులు నొక్కి మనిషిని పట్టేస్తారు. కోతలు కోసేవాళ్లకు ఇంత చెడ్డకాలం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

డెబ్బైల నడిమి మాట ఇది. ఒక దూది వ్యాపారి దగ్గర పని చేస్తూ, నమూనాకు చూపించే దూది మచ్చులు కాగితాల్లో చుట్టుకుని బొంబాయి పోయి మూడు నెలలు ఉండి వచ్చినాను (మూడు నెలలు కాదు, పదకొండు రోజులు. అందులో ఆరు రోజులు జ్వరంతో పడుకున్నాను). అక్కడొక మంగలి షాపులో గోడకు క్యాలెండరు. దాంట్లో ఎటు చూసినా మంచు, ఆ మంచు మీద చక్రాల్లేని బండి, దాన్ని లాగుతూ పన్నెండు కుక్కలు (గడ్డం గీస్తుంటే తల తిప్పనీయలేదు, నాకు కనపడినవి అయిదే). మంచంటే కాశ్మీరే అనుకున్నాను, అంతే నా కాశ్మీరు.

పెండ్లయిన కొత్తలో ఎమ్మిగనూరులో అత్తగారింట భోజనాలు. నా పక్కన రాయచూరు తోడల్లుడు. ఆయనకు స్కూటరుంది. పప్పు దగ్గర మొదలుపెట్టి మజ్జిగ దాకా ఆ స్కూటరే. అందరూ ఆయన్నే చూస్తున్నారు. నా భార్య తల వంచుకుని వడ్డిస్తోంది. ఆ తల ఒక్కసారి పైకి లేస్తే బాగుండుననిపించింది. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "నేను కాశ్మీరులో ఉన్నప్పుడు కుక్కల బండి తోలేవాణ్ని." తల లేచింది. ఆ చూపు కోసం ఆ పూట నేను హిమాలయాలు కూడా దాటేసి ఉందును.

మళ్లీ చలికాలం అత్తగారింటికి పోయేసరికి నా కాశ్మీరు నాకంటే ముందే వీధంతా తిరిగి వచ్చింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి బిందెలు పక్కకు జరిపి దారి ఇస్తున్నారు. అంతా నా భార్య చెప్పి పెట్టిందే. బండారం బయటపడితే నా మొహానికేమి, అది పాతదే. తలెత్తుకుని చెప్పుకున్నది ఆ పిల్ల కదా.

మా మామకు పత్తిలో గింజలు తీసే చిన్న జిన్నింగు మిల్లు ఉండేది. మంచి మనిషి. ఎవరేం చెప్పినా నమ్మేవాడు, నమ్మినదాన్ని చేసి చూసేదాకా నిద్రపోడు. "అల్లుడా, మనం కాశ్మీరు యాడ పోతాం గాని, దాన్నే ఈడికి తెప్పిద్దాం" అన్నాడు. మంచు లేదు కదా మామా అన్నాను, ఆశగా. ఆయన మిల్లు అంగణం చూపించినాడు. నున్నటి నాపబండలు పరిచిన నేల, వాననీళ్లు పోవడానికి కొంచెం వాలుగా ఉంటుంది. చివర కొండంత పత్తి కుప్ప. ఏం చెప్పమంటారు, పొద్దుటి ఎండకు అచ్చం క్యాలెండరే.

అమావాస్య నాడు మిల్లుకు సెలవు. ఆ రోజే ముహూర్తం. వడ్రంగి చేత పలక చేయించి, అడుగున బండి ఇరుసుకు పూసే ఆముదం దట్టించినారు. అంగణం కాపలాకు రెండు కుక్కలుండేవి, కరియ, దొర అని. మా అత్త వాటికి బొట్లు పెట్టింది, ఎద్దుల మాదిరి మెడలో మువ్వలు కట్టింది. మామ టెంకాయ కొట్టినాడు. కుక్కల్ని పలకకు కట్టినాక దాని మీద నిలబడి పగ్గం పట్టుకున్నాను. రాయచూరు తోడల్లుడు స్కూటరుకు ఆనుకుని, "కాశ్మీరులో కుక్కల్ని ఏమని అదిలిస్తారప్పా?" అని అడిగినాడు. బొంబాయిలో ఏరుకొచ్చిన హిందీలో పద అనే ముక్కను, మంచు అనే ముక్కను అతికించి, "చలో బరఫ్" అన్నాను. కరియ కూర్చుంది. దొర పడుకుంది. ఇంకోసారి అన్నాను. దొర టెంకాయ చిప్ప వాసన చూసి మళ్లీ పడుకుంది. "వీటికి ఆ భాష రాదేమో" అన్నాడు తోడల్లుడు. ఆయన మొహంలో నవ్వు ఇటునుంచి అటు సాగుతా ఉంది. నేను నా భార్య వైపు చూడలేదు, చూడలేకపోయినాను.

ఆమె మెల్లగా లేచి వాళ్ల అవ్వ చెవిలో ఏదో చెప్పింది. ఆ ఇంట్లో కుక్కలకు సంగటి పెట్టేది అవ్వే. ముసలామె పళ్లెం తీసుకుని నింపాదిగా పత్తి కుప్ప దగ్గరికి నడిచి, గరిటెతో టంగుమని కొట్టింది.

ఆ పైన జరిగింది చెప్పాలంటే, ఆ రెండు కుక్కలూ నన్ను మైలు దూరం గాలిలో తీసుకుపోయినాయి (మైలు కాదులెండి, నలభై అడుగులు. గాలిలో మాత్రం నిజమే, చివరి మూడడుగులు). కుక్కలు పళ్లెం దగ్గర ఆగినాయి. పలక ఆగలేదు. నేను తలతో సహా పత్తి కుప్పలో దూరిపోయినాను. లోపల వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంది. ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుంది అనుకున్నాను.

ముందుగా వచ్చి తవ్వింది నా భార్యే. మొహం కనపడగానే, అందరూ వచ్చేలోపల చెప్పేయాలని, "నేను కాశ్మీరు పోలేదు" అన్నాను.

"తెలుసు" అనింది.

"ఎప్పట్నుంచి?"

"మీరు సెప్పిన రోజే. కుక్కబండి తోలేటప్పుడు ఇంకో సేతిలో గొడుగు పట్టుకుంటానంటిరి."

"మరి వీధంతా ఎందుకు చెప్పినావు?"

నా కనుబొమ్మల మీది పత్తి తీస్తా అనింది: "మూడేండ్లుగా అక్క నోట ఆ స్కూటరు కతే వింటాండాను. నాకూ సెప్పుకునేదానికి ఏదన్నా ఉంటే బాగుండని అనుకుంటి. మీరు తెచ్చిస్తిరి. ఇంక నోరు మూసుకుని బయటికి రండి."

అప్పటికే మామా వాళ్లూ పరిగెత్తుకొచ్చినారు. ఆమె వాళ్ల వైపు తిరిగి తొణక్కుండా, "కాశ్మీరులోనూ కడకు ఇట్లే మంచులో దూకి ఆపుతారంట నాయనా" అని చెప్పింది. మామ తల ఊపి, పంచె ఎగ్గట్టి, "లేయి అల్లుడా, నా వంతు" అన్నాడు.

ఆ పూట ఇంటిల్లిపాదీ కుప్పలో దూకినారు. తోడల్లుడు రెండుసార్లు అడిగి మరీ ఎక్కినాడు. అవ్వ కూడా పలక మీద కూర్చుంటానని పట్టుబట్టింది గాని, పళ్లెం ఆమె చేతిలోనే ఉండిపోయింది. కుక్కలు ముందుకు పోకుండా వెనక్కి తిరిగి ఆమె ఒడిలోకి ఎక్కినాయి. అప్పట్నుంచి పత్తి వచ్చే కాలంలో సెలవు పూట ఆ ఇంట్లో అదే ఆట. దొర, కరియ ముసలివై పలక వైపు చూడడం మానేసేదాకా ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు నడిచింది.

కాశ్మీరులో మంచు బండ్లను మనుషులే లాగుతారని చానాకాలం తర్వాత తెలిసింది. ఆ క్యాలెండరు ఏ దేశానిదో ఇప్పటికీ తెలియదు. వయసు మీద పడింది, ఇంక దాచడమెందుకని మొన్న మనవణ్ణి కూర్చోబెట్టుకుని, నాయనా నేను కాశ్మీరు మొహం చూడలేదు అని, నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పని నిజం చెప్పినాను. వాడు నవ్వి, "ఊరుకో తాతా, అవ్వ అంతా సెప్పింది, నువ్వు గొడుగు పట్టుకుని తోలేవాడివంట" అన్నాడు. నేను వంటింటి వైపు చూసినాను. అక్కడ ఒక తెల్లజుట్టు తల, నన్ను చూడకుండా, వంచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. సరే, గొడుగు కూడా ఉందిలే అన్నాను వాడితో. ఆ తల లేచింది.